మందు ముందా? పరీక్ష ముందా?

"కల్చర్ చేయించండి" అని డాక్టరు రాసిస్తే మనలో చాలామంది నుదురు చిట్లిస్తాం. రెండు రోజులు ఆగాలి, డబ్బు ఖర్చు, చివరికి ఇచ్చేవి మాత్రలేగా అనుకుంటాం. ఆ రెండు రోజుల్లో ల్యాబులో ఏం జరుగుతుందో తెలిస్తే, ఆ కాగితానికి వున్న విలువ అర్థమవుతుంది.

మూత్రానికి వెళ్ళినప్పుడు మంట. పొత్తికడుపులో నొప్పి. వెళ్ళొచ్చిన పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించడం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు దీనికి పెట్టుకున్న పేరు 'వేడి చేసింది'. బార్లీ నీళ్ళు కాచుకుంటారు, మజ్జిగ తాగుతారు, సబ్జా గింజలు నానబెట్టుకుంటారు. తగ్గకపోతే పక్కింటావిడ ఆదుకుంటుంది. "వదినా, పోయిన నెల మా అమ్మాయికి ఇదే వస్తే డాక్టరుగారు మాత్రలు రాశారు. నాలుగు మిగిలాయి, వేసుకో" అంటుంది. రెండు రోజులు వేసుకుంటే తగ్గినట్టే వుంటుంది. మూడు వారాలకి మళ్ళీ మొదలు. ఈసారి మందుల షాపు అబ్బాయి ఇంకో రంగు మాత్రలు ఇస్తాడు. అదీ అంతే. చివరికి చలిజ్వరం, నడుం నొప్పితో ఆస్పత్రికి వెళ్తే, అప్పుడు డాక్టరు 'యూరిన్ కల్చర్ అండ్ సెన్సిటివిటీ' అని రాస్తారు.

ఈ పరీక్ష అడిగేవి రెండే ప్రశ్నలు. ఈ జబ్బు తెచ్చిన బాక్టీరియా ఏది? దాన్ని అణిచే మందు ఏది? అన్ని మాత్రలూ మింగాక చివర్లో అడగాల్సిన ప్రశ్నలా ఇవి? మీరే చెప్పండి!

తోడు పెట్టినట్టే!

బాక్టీరియా అనగానే హడలిపోనక్కరలేదు. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి మూతపెట్టి, తెల్లారేసరికి గడ్డపెరుగు తీసే ప్రతి ఇల్లాలికీ బాక్టీరియాతో రోజూ పనే. ఇడ్లీ పిండి పులిసి పొంగడంలోనూ వాటి చెయ్యి వుంది. మన పేగుల్లోనూ కోట్లకొద్దీ బాక్టీరియా కాపురం వుంటుంది. వాటిలో ఒకటి ఈ-కొలై. దీన్ని 1885లో థియోడోర్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు పసిపిల్లల మలంలో గుర్తించాడు. పేగుల్లో వున్నంతకాలం చాలావరకు మర్యాదగానే వుంటుంది. దారితప్పి మూత్రమార్గంలోకి వచ్చిందా, మంట, నొప్పి, జ్వరం! మూత్రంలో వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం దీనివల్లనే.

ఆడవాళ్ళలో మూత్రనాళం పొట్టిగా, మలద్వారానికి దగ్గరగా వుంటుంది. అందుకే ఈ బాధ మగవాళ్ళకన్నా మనకి చాలా ఎక్కువ. అది మన శరీరం కట్టుబడి. ఇందులో సిగ్గుపడాల్సింది గానీ, దాచుకోవాల్సింది గానీ ఏమీ లేదు.

ల్యాబులో చేసే 'కల్చర్' తోడుపెట్టడం లాంటిదే. బాక్టీరియాకి తిండి, తగిన వెచ్చదనం ఇస్తే అవి పెరుగుతాయి. అన్నీ అనుకూలిస్తే ఈ-కొలై ఇరవై నిమిషాలకి ఒకటి రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది... రాత్రి కంటికి కనపడని ఒక్క క్రిమి, తెల్లారేసరికి కోట్ల సంతానంతో గుండుసూది తలంత చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్కనే ల్యాబువాళ్ళు 'కాలనీ' అంటారు. చలికాలంలో పాలు తోడుకోవని గిన్నెకి గుడ్డ చుట్టి వెచ్చటి చోట పెడతాం చూడండి, ల్యాబులో అందుకోసం ఇంక్యుబేటర్ అనే పెట్టె వుంటుంది. మన ఒంటి వేడికి దగ్గరగా, 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో వుంచుతారు. రిపోర్టు ఆలస్యం కావడానికి అసలు కారణం ఇదే. పెరుగుని తొందరపెట్టలేనట్టే, కాలనీని కూడా తొందరపెట్టలేం.

వంటింట్లోంచి ల్యాబుకి వెళ్ళిన చైనాగ్రాస్

ఇక్కడ మనం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. బాక్టీరియాని పెంచడానికి ఇవాళ ప్రపంచంలోని ఆస్పత్రి ల్యాబులన్నీ వాడే పదార్థం ఒక ఇల్లాలి వంటింట్లోంచి వచ్చిందే!

జర్మనీలో రాబర్ట్ కాక్ అనే శాస్త్రజ్ఞుడు మొదట్లో ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద బాక్టీరియాని పెంచేవాడు. తర్వాత జెలటిన్ వాడారు. అయితే, ఒంటి వేడికే జెలటిన్ కరిగిపోయేది. కొన్ని బాక్టీరియాలు దాన్ని తినేసి నీళ్ళు చేసేవి. కాక్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సే అనే డాక్టరు ఈ తంటా పడలేక విసిగిపోయాడు. ఆయన భార్య ఫానీ హెస్సే. భర్త పనిలో సాయపడుతూ, ఆయన పరిశోధనలకి బొమ్మలు గీసిపెట్టేది. 1881లో ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. ఎండాకాలంలో కూడా కరగకుండా తన జెల్లీలు, పుడ్డింగులు గట్టిగా నిలబడటానికి తాను వాడే అగర్ ని ప్రయత్నించమంది. అగర్ సంగతి ఆమెకి చిన్నతనంలో న్యూయార్కులో, జావాలో వుండి వచ్చిన పొరుగువారి ద్వారా తెలిసింది.

ఆ అగర్ సముద్రపు నాచు నుంచి తీసేది. వేసవిలో పాలతో పుడ్డింగు చేసుకోవడానికి మనం కొనుక్కునే చైనాగ్రాస్ అదే! ఒకసారి గడ్డకట్టాక మళ్ళీ కరగాలంటే దాదాపు మరిగే నీళ్ళంత వేడి కావాలి. బాక్టీరియాల్లో చాలావాటికి అది తినడానికి పనికిరాదు. ఇంకేం కావాలి? మరుసటి ఏడాది, 1882లో, కాక్ క్షయ క్రిమిని కనుగొన్న సంగతి ప్రకటించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన వుంది గాని, ఫానీ పేరు లేదు. 1887లో కాక్ సహాయకుడు జూలియస్ పెట్రి మూతవున్న చిన్న గాజుపళ్ళెం తయారుచేశాడు. అదే పెట్రి డిష్. పళ్ళేనికి ఆయన పేరు నిలిచింది. అందులో పోసే పదార్థం చెప్పిన ఇల్లాలి పేరు మాత్రం చాలామందికి తెలియనే తెలియదు.

మొదటి రోజు: ఎవరు నువ్వు?

మీరిచ్చిన శాంపిల్ ల్యాబుకి చేరాక ఏం చేస్తారో చూద్దాం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా. అలాగే మిల్లీలీటరులో వెయ్యో వంతు మాత్రమే పట్టే చిన్న ఉంగరం లాంటి తీగతో మూత్రాన్ని తీసి, అగర్ పళ్ళెం మీద ముగ్గు గీసినట్టు గీస్తారు. మర్నాడు ఆ గీతల మీద ఎన్ని చుక్కలు మొలిచాయో లెక్కపెట్టి వెయ్యితో హెచ్చవేస్తారు. వంద చుక్కలుంటే మిల్లీలీటరుకి లక్ష అన్నమాట.

అన్ని పళ్ళేలూ ఒకటి కాదు. గొర్రె రక్తం కలిపిన అగర్ ఒకటి. మెకాంకీ అగర్ అని ఇంకొకటి. దీంట్లో పాలలో వుండే లాక్టోజ్ చక్కెర, రంగు మారే పదార్థం కలిపి వుంటాయి. లాక్టోజ్ ని పులియబెట్టే ఈ-కొలై, క్లెబ్సియెల్లా లాంటివి గులాబీరంగు చుక్కలుగా వస్తాయి. పులియబెట్టలేని టైఫాయిడ్ క్రిమి రంగు లేకుండా వుంటుంది.

ఇంకో పరీక్ష గ్రామ్ స్టెయిన్. 1884లో డెన్మార్క్ దేశస్థుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన పద్ధతి ఇది. గాజుపలక మీద క్రిముల్ని పరిచి వూదారంగు వేసి, అయోడిన్ పోసి, ఆల్కహాల్ తో కడిగి, ఎర్రరంగు వేస్తారు. బట్టకి పట్టిన మరక కొన్నింటిలో వదులుతుంది, కొన్నింటిలో వదలదు కదా! అలాగే బయటి గోడ మందంగా వున్న బాక్టీరియాలు వూదారంగు వదలవు. వాటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. వూదారంగు వదిలేసి గులాబీగా కనపడేవి గ్రామ్ నెగెటివ్. ఈ పరీక్షకి కొద్ది నిమిషాలు చాలు. ఏ జాతి మందు పనికొస్తుందో డాక్టరుకి తొలి ఆధారం దీంతోనే దొరుకుతుంది.

ఆ తర్వాత అసలు పేరు తేల్చాలి. ఏ చక్కెర తింటుంది, ఏ వాయువు వదులుతుంది, ఏ రసాయనం తయారుచేస్తుంది అని వరసగా పరీక్షలు పెడతారు. పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు మాల్డి-టాఫ్ అనే యంత్రం వుంటోంది. చుక్కలోంచి కాస్త తీసి దాని మీద లేజర్ కిరణం వేస్తే, అందులోని ప్రొటీన్ల బరువులు చూసి నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది. ఎంత యంత్రమైనా సాధారణంగా ముందు ఆ చుక్క మొలవాల్సిందే!

రెండో రోజు: నీకు మందేది?

పేరు తెలిస్తే చాలదు. ఒకే పేరున్న ఈ-కొలై ఒకరి ఒంట్లో మామూలు మాత్రకే చచ్చిపోతుంది. ఇంకొకరి ఒంట్లో ఇంజక్షన్లకి కూడా లొంగదు. అందుకే రెండో పరీక్ష.

పంచదార డబ్బా చుట్టూ చీమల మందు సుద్దతో గీస్తే చీమలు ఆ గీత దగ్గరికి రావు. ల్యాబులోనూ ఇంచుమించు ఇదే పని. మీ శాంపిల్ లోంచి తీసిన బాక్టీరియాని ఒక అగర్ పళ్ళెం నిండా సమంగా పూస్తారు. దాని మీద యాంటీబయాటిక్ మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలు దూరదూరంగా పెడతారు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. రాత్రంతా ఇంక్యుబేటర్లో వుంచితే, పనిచేసే మందు చుట్టూ బాక్టీరియా మొలవక గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయని మందు బిళ్ళ అంచుదాకా బాక్టీరియా వచ్చేస్తుంది. ఆ ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి, ప్రామాణిక పట్టికతో సరిచూస్తారు. బాయర్, కిర్బీ, వాళ్ళ సహచరులు 1966లో ఈ పద్ధతిని ప్రామాణికంగా ప్రకటించారు. ఇప్పటికీ అన్ని దేశాల్లోనూ వాడుతున్నారు. కొన్ని ల్యాబుల్లో ఇదే పనిని చిన్నచిన్న గుంటల్లో మందు రకరకాల మోతాదుల్లో పోసి యంత్రంతో చేస్తారు.

రిపోర్టు చేతికొచ్చాక...

రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఇంగ్లీషు అక్షరాలు మూడు కనిపిస్తాయి. 'ఎస్' అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుంది. 'ఆర్' అంటే లొంగదు. 'ఐ' అంటే మధ్యరకం. మోతాదుని బట్టి, జబ్బు ఒంట్లో ఎక్కడుందన్న దాన్నిబట్టి డాక్టరు నిర్ణయిస్తారు.

కొన్ని రిపోర్టుల్లో ఎంఐసీ అని ఒక అంకె కూడా వుంటుంది. బాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన కనీసపు మందు అది. ఇక్కడ చాలామంది పొరపడుతుంటారు. ఒక మందుకి 2, ఇంకోదానికి 16 అని వుంటే, 2 వున్నదే మంచిదనుకుంటారు. అలా పోల్చకూడదు. ఉప్పునీ పంచదారనీ ఒకే చెంచాతో కొలిచి ఏది ఎక్కువ వేయాలని అడిగినట్టుంటుంది. ఏ మందు లెక్క దానిదే.

'నో గ్రోత్' అని వస్తే బాక్టీరియా మొలవలేదని అర్థం. కాని పరీక్షకి ముందే యాంటీబయాటిక్ వేసుకుని వుంటే, ఇన్ఫెక్షన్ వున్నా మొలవకపోవచ్చు. అందుకే వేసుకున్న మాత్రల సంగతి దాచకుండా చెప్పాలి. 'మిక్స్ డ్ గ్రోత్' అంటే రకరకాలవి కలిసి మొలిచాయన్నమాట. చాలాసార్లు అది శాంపిల్ పట్టడంలో శుభ్రత కుదరలేదనడానికి గుర్తు. మళ్ళీ ఇవ్వమంటే విసుక్కోకండి.

ఇంకొక్కమాట. కల్చర్లో ఏదో మొలిచినంత మాత్రాన మందు వాడి తీరాలని లేదు. ముఖ్యంగా పెద్ద వయసు వాళ్ళలో ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా కనపడుతుంటుంది. సాధారణంగా దానికి మందు అక్కరలేదు. కాగితం చూసి కాదు, మనిషిని చూసి వైద్యం చేయాలి. కాబట్టి రిపోర్టు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మందుల షాపుకి కాదు.

మొండితనం ఎలా వచ్చింది?

"నా ఒంటికి మందులు అలవాటైపోయాయండీ, పనిచేయటం లేదు" అనడం మనం వింటుంటాం. అలవాటుపడేది మన ఒళ్ళు కాదు, బాక్టీరియా. అందుకే జన్మలో ఒక్క యాంటీబయాటిక్ ముట్టని మనిషికి కూడా మొండి బాక్టీరియా అంటుకోవచ్చు.

మనం మందు వేసుకున్నప్పుడు బలహీనమైనవి చస్తాయి. తట్టుకోగలిగినవి మిగిలి, పోటీ లేక పెరుగుతాయి. కొన్ని మందుని ముక్కలు చేసే ఎంజైములు తయారుచేస్తాయి. కొన్ని లోపలికి వచ్చిన మందుని బయటికి తోడిపోస్తాయి. అంతేకాదు, వంట చిట్కా కాగితం మీద రాసి పక్కింటావిడకి ఇచ్చినట్టు, ఈ మొండితనపు కిటుకుని ఒక బాక్టీరియా ఇంకొకదానికి అందించగలదు. వేరే జాతి దానికి కూడా!

రిపోర్టులో 'ఈఎస్‌బీఎల్ పాజిటివ్' అని వుంటే, పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతుల మందుల్లో చాలావాటిని విరగ్గొట్టే ఎంజైము ఆ బాక్టీరియా దగ్గర వుందని అర్థం. ఇలాంటివి మన దేశంలో సర్వసాధారణమైపోయాయి. ఆఖరి అస్త్రాల్లాంటి కార్బపెనెమ్ ఇంజక్షన్లని కూడా విరగ్గొట్టే ఎన్డీఎమ్ అనే ఎంజైముని 2009లో ప్రకటించారు. దాని పేరులోనే న్యూఢిల్లీ వుంది!

పెన్సిలిన్ ని 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే హెచ్చరించాడు. పెన్సిలిన్ ఎవరైనా కొనుక్కునే రోజు వస్తే, తెలియనివాళ్ళు చాలీచాలని మోతాదు వేసుకుని క్రిముల్ని మొండివిగా తయారుచేస్తారని ఆయన భయం. ఆ తర్వాత కొత్త మందులు వరసగా వచ్చాయి. 1948లో వచ్చిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నప్పుడు, అక్కడి పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అలా కష్టపడి సంపాదించి ఇచ్చిన ఆస్తిని జలుబుకీ, దగ్గుకీ ఖర్చుపెట్టేస్తున్నాం. మామూలు జలుబు, ఫ్లూ, డెంగ్యూ వైరస్ లవల్ల వచ్చేవి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

దీని ఫలితం చిన్నది కాదు. 2019 ఒక్క సంవత్సరంలో మందులకి లొంగని బాక్టీరియా కారణంగా ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

టైఫాయిడ్ జ్వరం వస్తే

మన ఇళ్ళల్లో నాలుగు రోజులు జ్వరం వస్తే చేయించేది వైడాల్ పరీక్ష. ఇది 1896 నాటిది. టైఫాయిడ్ క్రిమిని కాదు, దానికి ఎదురుగా మన రక్తంలో తయారైన పదార్థాల్ని చూస్తుంది. పాత జబ్బువల్లా, టీకావల్లా కూడా అవి వుండొచ్చు. జబ్బు మొదటి వారంలో తయారై వుండకపోనూవచ్చు. ఒక్క వైడాల్ నమ్ముకుని టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు. రక్తంతో చేసే కల్చర్ అయితే క్రిమినే పట్టుకుంటుంది. ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. జ్వరం మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు ఇస్తే అది దొరికే అవకాశం ఎక్కువ. అన్నిసార్లూ దొరుకుతుందని మాత్రం కాదు.

క్షయ క్రిమి మహా నెమ్మది. కల్చర్లో మొలవడానికి వారాలు పడుతుంది. అందుకని ఇప్పుడు కళ్ళెలోంచి క్రిమి జన్యువుని పట్టే సీబీనాట్ పరీక్ష చేస్తున్నారు. టీబీ వుందా, ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందా అన్నది యంత్రంలో పెట్టాక దాదాపు రెండు గంటల్లో తెలుస్తుంది.

ఆగకూడని సందర్భాలు

ఇదంతా చదివి, రిపోర్టు వచ్చేదాకా మందు ముట్టకూడదని అనుకోకండి. తీవ్రమైన జ్వరంతో మనిషి మగతగా వున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, బీపీ పడిపోయినా, పసిబిడ్డ పాలు తాగడం మానేసినా గంటలు కూడా విలువైనవే. అలాంటప్పుడు డాక్టర్లు ముందు శాంపిల్ తీసుకుని, వెంటనే మందు మొదలుపెడతారు. ఏ మందు మొదలుపెట్టాలన్నదానికి ఆస్పత్రి ల్యాబు తోడ్పడుతుంది. తమ దగ్గర ఏ బాక్టీరియా ఏ మందుకి లొంగుతోందో పెద్ద ల్యాబులు లెక్కకట్టి పట్టిక తయారుచేస్తాయి. మీ రిపోర్టు వచ్చాక అవసరమైతే మందు మారుస్తారు. "మూడో రోజున మందు మార్చారు, మొదట తప్పు ఇచ్చారు" అని కంగారుపడకండి. చాలాసార్లు అది పరీక్ష తన పని తాను చేసిందనడానికి గుర్తు.

అలాగే మొదటిసారి వచ్చిన మామూలు మూత్రపు మంటకి డాక్టరు కల్చర్ లేకుండానే మందు రాయొచ్చు. మళ్ళీమళ్ళీ వస్తున్నా, జ్వరం, నడుం నొప్పి వున్నా, వేసుకున్న మందుతో తగ్గకపోయినా, మధుమేహం వున్నా, గర్భిణి అయినా కల్చర్ అవసరం. గర్భిణుల్లో ఏ బాధా లేకపోయినా మూత్రంలో బాక్టీరియా వుంటే అది మూత్రపిండాల దాకా పాకే ప్రమాదం వుంది. అందుకే నెలలు నిండకముందే, తొలి నెలల్లో ఒకసారి కల్చర్ చేయించమంటారు. ఇంట్లో కూతురో, కోడలో నీళ్ళోసుకుంటే ఈ సంగతి డాక్టరుని అడగండి.

శాంపిల్ బాగుంటేనే రిపోర్టు బాగుంటుంది

ఎంత గొప్ప ల్యాబైనా మనమిచ్చిన దాన్నే పరీక్షిస్తుంది. గిన్నె శుభ్రంగా లేకపోతే పాలు విరిగినట్టే, శాంపిల్ సరిగా పట్టకపోతే రిపోర్టు చెడుతుంది.

* ఊరగాయ సీసాలు, మాత్రల డబ్బాలు కడిగి ఇవ్వకండి. ల్యాబు వాళ్ళిచ్చే స్టెరైల్ డబ్బానే వాడండి. మూత లోపలివైపు, డబ్బా అంచు వేళ్ళతో ముట్టుకోకూడదు.

* చేతులు సబ్బుతో కడుక్కుని, మూత్రం వచ్చే చోటుని మంచినీళ్ళతో ముందునుంచి వెనక్కి కడుక్కోండి. మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టండి. చివరిది కూడా వదిలేయండి.

* పొద్దున లేవగానే వచ్చే మూత్రం మంచిది. శాంపిల్ కోసం చెంబులకొద్దీ నీళ్ళు తాగితే అది పలచబడిపోతుంది.

* రెండు గంటల్లోపు ల్యాబుకి చేర్చండి. వీలుకాకపోతే మూత గట్టిగా బిగించి, కవరులో చుట్టి ఫ్రిజ్ లో కింది అరలో, తినేవాటికి దూరంగా పెట్టండి. ఫ్రీజర్లో వద్దు. బయట వేడికి వదిలేస్తే బాక్టీరియా దారిలోనే పెరిగి, లేని జబ్బు వున్నట్టు చూపిస్తుంది.

* నెలసరి సమయమైతే ల్యాబులో చెప్పండి.

* కళ్ళె పరీక్షకి పొద్దున్నే నోరు మంచినీళ్ళతో పుక్కిలించి, లోతుగా దగ్గి ఛాతీలోంచి వచ్చింది ఇవ్వాలి. ఉమ్మి పనికిరాదు.

* రక్తం కల్చర్ కి రెండు చోట్ల నుంచి తీస్తే "ఇంత రక్తమా" అని గొడవపడకండి. రక్తంలో క్రిములు చాలా పలచగా వుంటాయి. చర్మం మీది బాక్టీరియా కలిసిందో, నిజంగా రక్తంలోనే వుందో తేల్చడానికి రెండోది సాయపడుతుంది.

ఇల్లాలి చేతిలో వున్నవి

మందుల పట్టీ వెనక్కి తిప్పి చూడండి. నిలువుగా ఎర్రగీత వుంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. మన దేశంలో 2014 మార్చి నుంచి అమలులోకి వచ్చిన హెచ్-1 షెడ్యూలు ప్రకారం, కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు షాపువాళ్ళు రిజిస్టరులో రాయాలి. షాపతను చీటీ అడిగితే అతను మీకు మేలు చేస్తున్నట్టే.

డాక్టరు చెప్పినన్ని రోజులు చెప్పినట్టు వాడండి. తగ్గిందని మీరే ఆపొద్దు, తగ్గలేదని మీరే పొడిగించొద్దు. మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వొద్దు. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తున్నప్పుడు, "అయ్యా, ఇది బాక్టీరియా జబ్బేనా? మందు మొదలుపెట్టే ముందు కల్చర్ కి ఇవ్వాలా?" అని మర్యాదగా అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

రేషన్ కార్డు, బ్యాంకు పాస్ బుక్కు ఎంత జాగ్రత్తగా దాస్తామో, ఇంట్లో ఒక్కొక్కరి కల్చర్ రిపోర్టులు కూడా ఒక కవర్లో తేదీల వారీగా పెట్టండి. పిల్లలకైనా, అత్తగారికైనా, మీకైనా మళ్ళీ జబ్బు చేసినప్పుడు ఆ కవరు తీసుకుని వెళ్ళండి. పోయినసారి ఏ క్రిమి, ఏ మందుకి లొంగింది, దేనికి లొంగలేదు అన్నది డాక్టరుకి ఒక్క చూపులో తెలుస్తుంది. కొత్త రిపోర్టు వచ్చేలోపు మీ పాత కాగితమే దారి చూపిస్తుంది.